గొర్రెల మనోభావాలు దెబ్బతిన్నాయి

తెలుగువాళ్ళు ఈ మధ్య వాదించుకోవడం మానేసి, ఒకరినొకరు "గొర్రెలు" అనుకుని సరిపెట్టుకుంటున్నారు. ఏ వార్త కింద చూసినా అదే మాట. ప్రాజెక్టు గేటు కొట్టుకుపోయిందంటే "గొర్రెలు ఓటేస్తే ఇంతే". సినిమా టికెట్ రేటు పెరిగిందంటే "కొనే గొర్రెలున్నంత కాలం పెంచుతారు". మొన్నొకచోట సాంబారులో ఇంగువ ఎప్పుడు వెయ్యాలన్న చర్చ కూడా పదో వ్యాఖ్య దాటకుండానే గొర్రెల్లోకి దిగింది. ఇంగువ ఎప్పుడు వెయ్యాలో మాత్రం తేలలేదు.

ఇది చిన్న విషయం కాదు. రాష్ట్ర గణాంకాలకు సంబంధించినది. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో దేశంలో తెలంగాణది మొదటి స్థానం, సుమారు 1 కోటి 90 లక్షలు. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1 కోటి 76 లక్షలు. విడిపోయాక కూడా మనం కలిసి సాధించిన ఘనత ఇదొక్కటే. అయితే ఇది నాలుగు కాళ్ళ లెక్క. రెండు కాళ్ళ లెక్క వేరే ఉంది. అధికార పక్షం వాళ్ళ దృష్టిలో ప్రతిపక్షానికి ఓటేసినవాళ్ళు గొర్రెలు, ప్రతిపక్షం వాళ్ళ దృష్టిలో అధికార పక్షానికి వేసినవాళ్ళు గొర్రెలు, పోలింగు రోజున సెలవు పెట్టుకుని గోవా వెళ్ళినవాళ్ళ దృష్టిలో ఓటేసిన అందరూ గొర్రెలు. ఈ మూడూ కూడితే రెండు రాష్ట్రాల్లోనూ మనిషన్నవాడు మిగలడు. ఈసారి పశుగణనకు వచ్చే సిబ్బంది ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగితే పని తేలిగ్గా అయిపోతుంది.

ఇంత జరుగుతున్నా గొర్రెల అభిప్రాయం అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కాబట్టి వాటి తరఫున వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు.

అసలు గొర్రె దాకా పోవాల్సిన అవసరం ఏమొచ్చిందో నాకు బోధపడదు. ఎవరేం చెప్తే అది నమ్మేవాణ్ణి పిలవడానికి మనకి పేర్ల కరువా? వెర్రివెంగళప్ప ఉన్నాడు, మాలోకం ఉంది, ముద్దపప్పు ఉంది, చెప్పినదానికల్లా తలాడించేవాడికి గంగిరెద్దు ఉంది, హైదరాబాద్ వైపు బకరా ఉంది (అదీ ఒక మేకే, పాపం). వీటిని వాడటానికి ఒక పద్ధతి కూడా ఉంది. వ్యాకరణంలో రాయరు గానీ అందరికీ తెలుసు. పాతికెకరాల ఆసామి మోసపోతే ఆయన "బోళా మనిషి". మూడెకరాలవాడు మోసపోతే "అమాయకుడు". కౌలు రైతు మోసపోతే "వెర్రిబాగులోడు". కూలీ మోసపోతే గొర్రె. సర్వే నంబరు చూసి తిట్టు నిర్ణయించే భాష ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో కనుక్కోవాలి.

పెళ్ళిళ్ళలో ఇదే సరుకు ధర మారుతుంది. "మావాడు ఉత్త అమాయకుడండీ, నోట్లో వేలు పెట్టినా కొరకలేడు" అని చెప్పి కట్నం ఇంకాస్త పెంచి అడుగుతారు. పెళ్ళయిన ఆర్నెల్లకి ఆ కుర్రాడే భార్య చెప్పిందని ఒక సోఫా కొంటాడు. అంతే, "అది ఎలా ఆడిస్తే అలా ఆడుతున్నాడు, కీలుబొమ్మ అయిపోయాడు" అని అదే తల్లి వాపోతుంది. ముప్పై ఏళ్ళు అమ్మ చెప్పిన చొక్కాయే తొడుక్కున్నప్పుడు ఆ కీలు ఎక్కడుందో ఎవరూ వెతకలేదు.

సరే, విషయానికొస్తాను. గొర్రె అన్న మాటను రెండు రాష్ట్రాల్లోనూ అందరికంటే ధారాళంగా వాడే మహానుభావుడు మా అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు. కేంద్ర ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయారు. ఆఫీసరు గారు అందాం. పొద్దున్నే గ్రూపులో శుభోదయం, కింద ఒక గులాబీ, దాని కింద "ఉచితాలకు అమ్ముడుపోయే గొర్రెలున్నంత కాలం ఈ దేశం బాగుపడదు" అని ఒక వాక్యం. పండగ రోజున గులాబీ రెండవుతుంది. వాక్యం మారదు. ఎన్నికలప్పుడు వాళ్ళింట్లో అంట్లు తోమే ఆవిడ రెండు పార్టీల దగ్గరా డబ్బు తీసుకుందని తెలిసి, లిఫ్ట్ దగ్గర నిలబడి ప్రజాస్వామ్యం మీద అరగంట ఉపన్యాసం ఇచ్చారు. ఆవిడ రెండు పార్టీల దగ్గరా తీసుకుని, తను వెయ్యాలనుకున్నవాడికే వేసింది. ఈయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా, ఎండగా ఉందని ఇంట్లోనే ఉండిపోయారు. గొర్రె ఎవరో చెప్పడానికి మధ్యవర్తి కావాలంటే నేను సిద్ధం.

ఒక మంగళవారం ఆయనకి ఫోన్ వచ్చింది. కొరియర్ కంపెనీ నుంచట. మీ ఆధార్ మీద ముంబై నుంచి తైవాన్ వెళ్తున్న పార్సిల్లో మత్తుమందు దొరికింది, పోలీసులకి కలుపుతున్నాం అన్నారు. ఆఫీసరు గారు తైవాన్‌కి కార్డు ముక్క రాసినవారు కాదు. కాసేపటికి వీడియోలోకి ఒక పోలీసు వచ్చాడు. వెనక గోడకి జెండా, టేబుల్ మీద మూడు సింహాలు, ఒంటి మీద గంజి పెట్టి ఇస్త్రీ చేసిన యూనిఫాం. ఆ ఇస్త్రీ దగ్గరే అనుమానం రావాల్సింది. "యూ ఆర్ అండర్ డిజిటల్ అరెస్ట్" అన్నాడు. ఇంగ్లీషులో అన్నాడు కాబట్టి ఇక సందేహం ఏముంది?

చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదని, ఆగి, ఆలోచించి, ఆ తర్వాతే ఏదైనా చెయ్యమని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి స్వయంగా చెప్పారు. ఆ క్లిప్పును మా గ్రూపులో పెట్టింది ఈయనే. "గొర్రెలు వినండి" అని శీర్షిక కూడా పెట్టారు.

ఫోను దిండుకి ఆనించారు. దానికి ఎదురుగా ఆయన. బాత్రూముకి వెళ్ళాలంటే చెయ్యెత్తాలి. సర్వీసంతా కిందివాళ్ళు సెలవు చీటీ పెడితే "ఎందుకూ?" అని కళ్ళజోడు మీంచి చూసిన మనిషి, "సర్, టాయిలెట్ సర్" అని అనుమతి అడిగి, ఫోన్ కూడా తీసుకెళ్ళమంటే తీసుకెళ్ళారు. రాత్రిపూట కూడా కెమెరా ఆపకూడదు. గురక పెడుతుంటే అవతల డ్యూటీలో ఉన్న కానిస్టేబులు లేపి, పక్కకి తిరిగి పడుకోమన్నాడట. ఆ ఇంట్లో ఎన్నేళ్ళ నుంచో అమ్మగారికి చేతకాని పని అది. ఆవిడ గుమ్మంలోంచి "ఏవండీ, ఉప్మా చేశాను" అంటే ఈయన నోటి మీద వేలేసుకుని "నేషనల్ సెక్యూరిటీ" అని పెదాలు కదిపారు. ఉప్మాకీ దేశభద్రతకీ ఉన్న సంబంధం అర్థం కాక ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు కోర్టు. సుప్రీంకోర్టే. అంతకన్నా చిన్న కోర్టు ఆయన హోదాకి తగదని వాళ్ళకీ తెలుసు. ఆఫీసరు గారు గడ్డం గీసుకుని, రిటైర్‌మెంట్ సభ నాటి కోటు తొడుక్కుని, టై బిగించి మంచం మీద కూర్చున్నారు. జడ్జిగారు వస్తున్నారు, లేవండి అని కేక వినపడింది. లేచారు. కోటు కింద గళ్ళ లుంగీ. జడ్జిగారి వెనక ఉన్న పుస్తకాల బీరువా ఫ్యాను గాలికి కొంచెం ఊగింది. అయినా న్యాయస్థానం తన గాంభీర్యం కోల్పోకుండా, వస్త్రధారణ ఉల్లంఘన కింద మరో యాభై వేలు జమ చెయ్యమంది. ఆ యాభై వేలు నేను కల్పించాను. లుంగీ వరకూ అమ్మగారు చెప్పిందే.

ఆ తర్వాత రోజు ఫిక్సెడ్ డిపాజిట్లు రద్దు చేయించడానికి బ్యాంకుకి వెళ్ళారు. డబ్బంతా "రిజర్వ్ బ్యాంకు పరిశీలన ఖాతా"కి పంపితే, తెల్లదో నల్లదో చూసి సాయంత్రానికల్లా తిరిగి వేసేస్తారట. కౌంటర్లో ఉన్న అమ్మాయి రెండుసార్లు అడిగింది: "ఇంత పెద్ద మొత్తం ఎందుకు సార్? మీకెవరైనా ఫోన్ చేశారా?" జేబులో ఫోన్ ఆన్‌లోనే ఉంది. "స్థలం కొంటున్నాం. నాకు నువ్వు చెప్పక్కర్లేదు" అన్నారు ఈయన. పైగా ఆ అమ్మాయి కస్టమర్లతో మాట్లాడే పద్ధతి బాగాలేదని మేనేజరుకి ఫిర్యాదు చేసి మరీ వచ్చారు.

గుట్టు విప్పింది అంట్లు తోమే ఆవిడే. గది ఊడవడానికి వెళ్తే ఫోన్లోంచి ఎవడో "కౌన్ హై?" అని అరిచాడు. చీపురు పట్టుకునే ఫోన్లోకి తొంగిచూసి, వంటింట్లోకి వెళ్ళి చెప్పింది. "పోలీసోళ్ళయితే ఇంటికొచ్చి కొడతారు గానీ, ఫోన్ చేసి కూర్చోబెడతారా అమ్మా?"

ఈ దేశంలో నేరవిచారణ పద్ధతి మీద ఇంతకన్నా సూటి వ్యాఖ్యానం నేనెక్కడా చదవలేదు. ఆవిడకి ఇంత చట్టజ్ఞానం ఎక్కడిదంటే, ఒకసారి పక్క వీధిలో ఎవరిదో బండి పోతే ఆవిడ కొడుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళారు. అప్పుడెవరూ వీడియో కాల్ చెయ్యలేదు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. కొంత డబ్బు ఆగింది, చాలా పోయింది. పత్రికలో రెండు కాలాల వార్త వచ్చింది: విశ్రాంత ఉన్నతాధికారికి సైబర్ నేరగాళ్ళ టోకరా. చదువుకున్నవారిని కూడా ఎలా బుట్టలో వేస్తున్నారో ఒక మానసిక నిపుణుడు పక్కన డబ్బా కట్టి వివరించారు. భయం వేసినప్పుడు మెదడు ఎలా పనిచేస్తుందో బొమ్మ కూడా వేశారు. అదే పేజీలో అడుగున నాలుగు వరుసలు: అత్యాశకు పోయి లక్ష పోగొట్టుకున్న కూలీ. కూలీ మెదడుకి బొమ్మ వెయ్యలేదు. మా గ్రూపులోనూ "ఎవరికైనా జరగొచ్చు సార్", "మీ మంచితనాన్ని వాడుకున్నారు సార్" అని పరామర్శలు. గొర్రె అన్న మాట ఎవరి నోటా రాలేదు. వారం తిరక్కుండా గులాబీ వచ్చింది, దాని కింద పాత వాక్యం కూడా వచ్చింది.

ఇక నా క్లయింట్ల సంగతి. గొర్రె మీద మొదటి అభియోగం, కసాయివాణ్ణే నమ్ముతుందని. అయ్యా, కసాయివాడు గడ్డి కట్ట చూపించాడు, గొర్రె నిజంగానే ఆ గడ్డి తింది. చేతికి అందిన దాన్నే నమ్మింది. ఇంకో నాలుగు గొర్రెల్ని చేర్పిస్తే నీకు డైమండ్ హోదా, మలేషియా ట్రిప్పు అంటే ఏ గొర్రె అయినా హోటల్ హాల్లో లేచి నిలబడి చప్పట్లు కొట్టిందా? రెండో అభియోగం, మంద ఎటు పోతే అటు పోతుందని. తోడేలు వచ్చినప్పుడు గొర్రెకి ఉన్న రక్షణ మందే. స్వతంత్రంగా ఆలోచిస్తానని పక్కకి పోయిన గొర్రె తోడేలుకి టిఫిన్. కాపరిని అడగండి, చెప్తాడు.

పైగా మోసం విషయంలో వీటికి సచ్ఛీలతా పత్రం ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం పెట్టింది. ఒక్కో యూనిట్‌కి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు, 75 శాతం రాయితీ. 2024లో శాసనసభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక ఈ గొర్రెలు ఎలా ప్రయాణం చేశాయో చూసింది. రికార్డుల్లో రాసిన బండ్ల నంబర్లు తీస్తే వాటిలో మోటారు సైకిళ్ళున్నాయి, ఆటోలున్నాయి, కార్లున్నాయి, అంబులెన్సులు కూడా ఉన్నాయి. ఒక్కసారి ఊహించుకోండి. హైవే మీద సైరన్ మోగుతోంది. బస్సులూ లారీలూ భయభక్తులతో పక్కకి తప్పుకుంటున్నాయి. లోపల స్ట్రెచర్ మీద పొట్టేలు, చుట్టూ ఆందోళనగా ఇరవై మంది ఆడవాళ్ళు. ఆ వెనక బైకు మీద ఇంకో యూనిట్ మొత్తం వస్తోంది, హెల్మెట్ లేకుండా.

ఆంధ్ర నుంచి గొర్రెలు అమ్మిన రైతులు తమ డబ్బు వేరేవాళ్ళ ఖాతాల్లోకి పోయిందని ఫిర్యాదు చేస్తేనే కేసు మొదలైంది. ఏసీబీ వచ్చింది, అధికారులు అరెస్టయ్యారు, విచారణ సాగుతోంది. తప్పు ఎవరిదో కోర్టు తేలుస్తుంది. కానీ ఈ వ్యవహారమంతటిలో ఎవరినీ మోసం చెయ్యలేదని ఇప్పుడే చెప్పగలిగింది గొర్రెల గురించే. ఆఖరికి తిట్టు వాటి పేరు మీదే పెట్టుకున్నాం.

"అత్యాశ" అన్న మాట దగ్గర మాత్రం నాకు వ్యంగ్యం రాదు.

అగ్రిగోల్డ్ గుర్తుందా? 1995లో విజయవాడ కేంద్రంగా మొదలైంది. మూతపడేనాటికి సుమారు 32 లక్షల ఖాతాలు, రూ.6,380 కోట్లు. నెలనెలా చిన్న చిన్న మొత్తాలు కట్టించుకున్నారు. గడువు తీరాక డబ్బో స్థలమో ఇస్తామన్నారు. కట్టినవాళ్ళలో ఇస్త్రీ బండి నడిపేవాళ్ళున్నారు, ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళున్నారు, గేదె పాలమ్మి దాచుకున్న ఆడవాళ్ళున్నారు. బ్యాంకుకి వెళ్తే కాగితాలు అడిగారు గానీ కుర్చీ చూపించలేదు. ఏజెంటు గడపలోకి వచ్చి, మంచినీళ్ళు అడిగి తాగి, రశీదు రాసిచ్చి వెళ్ళాడు. ఆ ఏజెంటు పరాయివాడా? బావమరిదో, పిన్ని కొడుకో, పక్కింటి మాస్టారో. అతనూ అందులో తన డబ్బు పెట్టాడు. కంపెనీ చేతులెత్తేశాక ఊళ్ళో ముఖం చూపించలేక ప్రాణం తీసుకున్న ఏజెంట్లున్నారు. పదివేల లోపు కట్టినవాళ్ళకి 2019లో, ఇరవై వేల లోపు వాళ్ళకి 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చింది. అంతకు మించి కట్టినవాళ్ళు రశీదులు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎక్కువ కట్టడమే వాళ్ళ నేరమైనట్టు.

వీళ్ళ నెత్తిన పెట్టిన మాట అత్యాశ! కూతురి పెళ్ళికి పదేళ్ళ ముందు నుంచి నెలకి రెండొందలు దాచుకోవడం అత్యాశ! ఊరవతల వంద గజాలు వస్తుందనుకోవడం అత్యాశ! లేఅవుట్ రాకముందే విషయం తెలుసుకుని ఎకరాలు కొన్నవాణ్ణి విజన్ ఉన్నవాడంటారు కదా, అది ఏ ఆశ? దాదాపు ఇరవై ఏళ్ళు బోర్డు కట్టి, ఆఫీసు తెరిచి, పట్టపగలు డబ్బు వసూలు చేస్తుంటే చూడాల్సిన శాఖలు ఏం చూశాయి? ఇలాంటి కంపెనీల ప్రకటనలకి పేజీలకి పేజీలు అమ్ముకున్నవాళ్ళు, కంపెనీ మునిగాక అదే పేజీలో "అప్రమత్తంగా ఉండాలి" అని సంపాదకీయం రాయడానికి ఏ మొహం పెట్టుకుని కూర్చుంటారు? నమ్మించిన వాళ్ళందరికీ పదవులున్నాయి, హోదాలున్నాయి, లాయర్లున్నారు. నమ్మిన ఆవిడకి మాత్రం ఒక తిట్టుంది. మోసగాడికేమో "ఘరానా", "కిలాడీ" అని బిరుదులు. సిగ్గుండాలి.

కోపం కేసుని పాడుచేస్తుందని మంచి వకీళ్ళు చెప్తారు కాబట్టి మళ్ళీ పిటిషన్‌లోకి వస్తాను. నా క్లయింట్ల తరఫున కోరేది ఒక్కటే. ఇకమీదట ఎవరైనా ఇంకొకరిని గొర్రె అనదలిస్తే, ముందు మీసేవకి వెళ్ళి ధ్రువపత్రం తీసుకోవాలి. దరఖాస్తు ఫారం నేనే తయారు చేశాను. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని విని గ్లాసూ చెంచా పట్టుకుని పరిగెత్తారా? (అప్పటికి పుట్టనివారు తండ్రిగారి వివరాలు రాయవలెను.) 2016 నవంబరులో కొత్త రెండువేల నోటులో చిప్ ఉందని, భూమిలో పాతినా ఉపగ్రహానికి తెలిసిపోతుందని ఎంతమందికి పంపారు? 2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా అని మానేసినవారు, హైదరాబాద్‌లో మంత్రులు వేదిక మీద చికెన్ తిని చూపించాక మళ్ళీ మొదలుపెట్టారా, కిలో రేటు పడిపోయాక మొదలుపెట్టారా? 2021 మే నెలలో కృష్ణపట్నం మందు కోసం క్యూలో నిలబడ్డారా, లేక పలుకుబడి ఉపయోగించి ఇంటికే తెప్పించుకోవాలని చూశారా? పిడుగు పడిన రాగి చెంబు దగ్గరికి బియ్యపు గింజలు పాక్కుంటూ వచ్చే వీడియో పూర్తిగా చూశారా? చూసి, చెంబు ధర ఎంతని అడిగారా?

ఆఖరి గడి కొంచెం పెద్దది. "నేను ఎన్నడూ ఎవరి చేతా మోసపోలేదు" అని మీకు ఎవరు చెప్పారు? వారి పేరు, ఫోన్ నంబరు, వారికి ముట్టిన కమీషన్ శాతం రాయవలెను.

ఫీజు కట్టడానికి లింకు ఫారం అడుగున ఉంటుంది. దాన్ని నొక్కినవారి దరఖాస్తు అక్కడికక్కడే తిరస్కరించబడును.